పార్కిన్సన్స్ ఉన్న పెద్దవాళ్లకు మింగే వ్యాయామాలు: ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి, ఎలా చేయించాలి

అన్నం తింటూ పెద్దాయనకు పొలమారితే మన ఇళ్లలో ఏం చేస్తాం? "ఎవరో తలచుకుంటున్నారులే" అంటూ నెత్తి మీద నాలుగు తట్లు తట్టి, చెంబుతో నీళ్లు అందిస్తాం. పార్కిన్సన్స్, అంటే వణుకుడు జబ్బు ఉన్న మనిషికి ఆ నీళ్లే ప్రమాదం. దగ్గు ఆగకముందే నీళ్లు పోస్తే, గొంతులో ఉన్న మెతుకుతో పాటు అవి కూడా ఊపిరితిత్తుల వైపు జారతాయి. వణుకుడు జబ్బు ఉన్నవాళ్లకు వారంలో రెండు మూడుసార్లు పొలమారుతోందంటే అది వయసు వల్ల వచ్చిందని వదిలేయకండి. దానికి పరీక్షలున్నాయి, వ్యాయామాలున్నాయి, వాటితో మెరుగుపడినవాళ్లూ ఉన్నారు. కర్నూలులో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తూ ఆదోని, డోన్, ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చే కుటుంబాలకు నేను రోజూ చెప్పే విషయాలే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

గుటక ఎందుకు తడబడుతుంది

ముద్ద నోట్లో పెట్టుకున్నాక నాలుక దాన్ని పోగుచేసి వెనక్కి నెట్టాలి. గొంతు పైకి లేవాలి, గాలిగొట్టం మూసుకోవాలి, ఆహారనాళం తెరుచుకోవాలి. గొంతులో జరిగే భాగమంతా దాదాపు ఒక్క సెకను పని. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని గురించి మనం ఆలోచించం కూడా. పార్కిన్సన్స్‌లో మెదడులో డోపమైన్ అనే, కదలికలను నడిపించే రసాయనం తగ్గుతుంది. అలాంటి మనిషికి ఇలా దానంతటదే జరిగిపోయే పనులే ముందు దెబ్బతింటాయి. అడుగులు చిన్నవవుతాయి, మాట సన్నబడుతుంది, గుటక బలహీనపడుతుంది. నడిచేటప్పుడు "పెద్ద అడుగు వెయ్యి నాయనా" అని గుర్తుచేస్తే అడుగు నిజంగానే పెద్దదవడం మీరు చూసే ఉంటారు. మింగడంలోనూ అదే కిటుకు పనిచేస్తుంది. ఇన్నాళ్లూ తలచుకోకుండా జరిగిన గుటకను ఇకనుంచి మనసు పెట్టి, బలంగా మింగించాలి. కింద చెప్పే వ్యాయామాలన్నీ ఈ ఒక్క మాట మీద నిలబడ్డవే.

ఇందులో నన్ను ఎక్కువగా బాధపెట్టేది, ఇబ్బంది ఉన్న మనిషికే అది తెలియకపోవడం. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2012లో లెక్కగట్టారు. "మింగడం కష్టంగా ఉందా?" అని అడిగితే ఉందన్నవాళ్లు నూటికి 35 మంది. పరికరాలతో పరీక్షిస్తే ఇబ్బంది కనిపించినవాళ్లు నూటికి 82 మంది. గొంతులో స్పర్శ తగ్గడం వల్ల కొందరికి నీళ్లు గాలిగొట్టంలోకి పోయినా దగ్గు రాదు. అలా పోయిపోయి చివరికి నిమోనియా అవుతుంది. ఈ జబ్బులో ప్రాణాలు తీసే ముఖ్యమైన కారణాల్లో నిమోనియా ఒకటి. అందుకే పేషెంట్ "నాకేం లేదు" అన్నా ఇంట్లోవాళ్లు గమనించాల్సిందే.

ఏం గమనించాలి? నీళ్లు తాగిన వెంటనే గొంతు తడితడిగా, గరగరమంటూ మారుతోందా చూడండి. భోజనం పావుగంటలో అయ్యేది ఇప్పుడు ముప్పావుగంట పడుతోందా? తిన్నాక బుగ్గలో మెతుకులు మిగులుతున్నాయా? దిండు చొంగతో తడుస్తోందా? పార్కిన్సన్స్‌లో చొంగ కారేది ఉమ్మి ఎక్కువ ఊరడం వల్ల కాదు, ఊరిన ఉమ్మిని మింగడం తగ్గడం వల్ల. బట్టలు వదులవుతున్నాయా, కారణం లేకుండా జ్వరం వచ్చి పోతోందా అన్నవీ చూసుకోండి. ఇంకొకటి, ఇష్టమైన వంటలు ఒక్కొక్కటే మానేస్తుంటే అది కూడా లక్షణమే. "సంగటి వద్దమ్మా, కాస్త జావ పొయ్యి చాలు" అంటే ఆకలి తగ్గిందని అనుకోకండి.

వ్యాయామం కంటే ముందు పరీక్ష

ఈ మెట్టు దాటేయొద్దు. ఏ కండరం బలహీనంగా ఉందో తెలియకుండా వ్యాయామాలు చేయిస్తే కొన్నిసార్లు మేలు కంటే కీడే ఎక్కువ. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా మెడికల్ కాలేజీకి అనుబంధంగా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. అక్కడి ఈఎన్‌టీ ఓపీలో చూపించి, మింగడం పరీక్ష కావాలని స్పష్టంగా అడగండి. పరీక్షలు ప్రధానంగా రెండు. ఒకటి, ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి, తినిపిస్తూ గొంతును చూడటం. రెండోది, ఎక్స్‌రేలో కనిపించే బేరియం అనే పదార్థం కలిపిన ఆహారం మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీయడం. ఇవి అన్ని చోట్లా దొరకవు. దూరం వెళ్లాల్సి వస్తే అనంతపురంవాళ్లకు బెంగళూరు నిమ్హాన్స్, కర్నూలువాళ్లకు హైదరాబాద్ నిమ్స్, కడపవాళ్లకు తిరుపతి స్విమ్స్ దగ్గర పడతాయి. మీకు కావాల్సిన పరీక్ష ఏ రోజు చేస్తారో ముందే ఫోన్‌లో కనుక్కుని బస్సెక్కండి. వణుకుతున్న మనిషిని ఊరికే తిప్పడం కంటే అలసట ఇంకోటి లేదు.

స్పీచ్ థెరపిస్టును మొదటిసారి నేరుగా కలవాలి. ఆ తర్వాత చాలా భాగం వీడియో కాల్‌లో నడుస్తుంది. స్పీచ్ థెరపీ అంటే మాటలు రాని పిల్లలకే అనుకుంటారు మనవాళ్లు, మింగడం చూసేదీ మేమే.

మాత్ర పనిచేసే వేళ చూసుకోండి

పార్కిన్సన్స్‌కు వాడే సిండోపా లాంటి లెవోడోపా మాత్ర వేసుకున్నాక ఒళ్లు వదులై, చేయి తేలికై, నడక కుదిరే సమయం ఒకటి ఉంటుంది. వ్యాయామమైనా భోజనమైనా ఆ సమయంలోనే పెట్టుకోవాలి. మామూలుగా మాత్ర భోజనానికి అరగంట ముందు వేసుకోమంటారు. మాత్ర వేసుకున్నాక ఎంతసేపటికి కదలిక బాగవుతోందో, ఎంతసేపు నిలుస్తోందో ఒక వారం కాగితం మీద రాసిపెట్టండి. మీ ఇంటి టైంటేబుల్ ఆ కాగితమే చెబుతుంది.

మాత్ర గొంతులో అడ్డం పడుతోందని కొందరు నూరి ఇస్తారు. నెమ్మదిగా కరిగే సీఆర్ రకం మాత్రలను నూరకూడదు, నమలకూడదు. మందంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. డాక్టర్‌కు చెబితే వేరే రకం రాస్తారు. మాత్రను ఒక చెంచా చిక్కటి రాగి జావలో పెట్టి మింగిస్తే చాలామందికి తేలిగ్గా దిగుతుంది. పాలల్లో, పెరుగులో మాత్రం వద్దు, వాటిలోని ప్రోటీన్ మందుతో పోటీ పడుతుంది. సందర్భం వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. వాంతులకు మెటోక్లోప్రమైడ్ వాడితే పార్కిన్సన్స్ లక్షణాలు ముదురుతాయి, మింగడం కూడా. మెడికల్ షాపులో అడిగి వేసుకునే ముందు ఈ పేరు గుర్తుంచుకోండి.

వ్యాయామాలు

కుర్చీలో నిటారుగా, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టండి. ముందు పుక్కిలించి ఉమ్మించండి, లేదా తడి గుడ్డతో నోరు శుభ్రం చేయండి. కడుపు నిండా తిన్న వెంటనే వద్దు. పావుగంట నుంచి ఇరవై నిమిషాలు చాలు. అలసిపోతే ఆపేయండి. అలసిన గొంతుతో వెంటనే అన్నం తినిపిస్తే పొలమారే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి వ్యాయామానికీ భోజనానికీ మధ్య కాసేపు విశ్రాంతి ఉండాలి.

*బలంగా మింగడం.* ఒక్కటే చేయించగలిగితే ఇదే చేయించండి. నోట్లో ఉమ్మి పోగుచేసుకోమనండి. నాలుకను అంగిలికి గట్టిగా అదమమనండి. గొంతులో, మెడలో ఉన్న బలమంతా పెట్టి ఒక్కసారిగా మింగమనండి. మన రాయలసీమవాళ్లకు దీన్ని నేర్పడం సులువు. "పెద్దాయనా, సంగటి ముద్ద నమలకుండా గుటుక్కున మింగుతారు కదా, నోట్లో ఏమీ లేకపోయినా అట్లా మింగండి" అంటే వెంటనే అర్థమవుతుంది. చిన్నప్పటి నుంచీ చేసిన పని అది, పుస్తకం భాషలో పదిసార్లు చెప్పినా రానిది ఆ ఒక్క మాటతో వస్తుంది. ఐదుసార్లతో మొదలుపెట్టి పదికి పెంచండి. ఒక్కో గుటక మధ్య అరనిమిషం వదలండి, ఎందుకంటే ఉమ్మి మళ్లీ ఊరాలి. నోరు ఎండిపోతే చెంచాతో పెదవులు తడపండి, గ్లాసుతో నీళ్లు పోయకండి. సరిగ్గా చేస్తున్నారో లేదో తెలియాలంటే గొంతు ముందున్న గట్టి బుడిపె మీద మీ రెండు వేళ్లు తేలిగ్గా ఆనించండి. గుటక పడినప్పుడు అది పైకి లేచి కిందికి దిగాలి. లేవకుండా అక్కడక్కడే కదిలితే అది బలమైన గుటక కాదు.

*గొంతును పైన నిలపడం.* పై వ్యాయామం కుదిరాక ఇది. మింగుతున్నప్పుడు ఆ బుడిపె పైకి లేచిన క్షణంలో దాన్ని కిందికి జారనీయకుండా రెండు మూడు సెకన్లు బిగబట్టాలి. వినడానికి తేలికే, చేయడం కష్టం. థెరపిస్టు ముందు నేర్చుకోకుండా ఇంట్లో ప్రయత్నించొద్దు. మతిమరుపు ఉన్నవాళ్లకు దీన్ని నేను నేర్పను.

*నాలుక పని.* చెంచా వెనక భాగాన్ని నాలుక కొనకు అడ్డం పెట్టి, నాలుకతో ముందుకు నెట్టమనండి. మీరు కాస్త ఎదురు బలం ఇవ్వండి. కుడి బుగ్గ వైపు, ఎడమ బుగ్గ వైపు కూడా అంతే. తర్వాత "కా కా కా", "గా గా గా" అని గొంతు వెనక నుంచి గట్టిగా పలికించండి. మింగేటప్పుడు ముద్దను నెట్టేది నాలుక వెనక భాగమే.

*గొంతెత్తి మాట్లాడటం.* ఎల్ఎస్‌వీటీ లౌడ్ అనే చికిత్స పార్కిన్సన్స్ గొంతుల కోసమే పుట్టింది. వారానికి నాలుగు రోజులు, నాలుగు వారాలు, రోజుకు గంట చేయిస్తారు. మాట కోసం మొదలైనా, 2002లో ఒక చిన్న అధ్యయనంలో దీనివల్ల మింగడమూ కొంత మెరుగుపడినట్టు చూశారు. పూర్తి చికిత్సకు శిక్షణ పొందిన థెరపిస్టు ఉండాలి. ఇంట్లో మీరు చేయగలిగింది, గుండెల నిండా గాలి తీసుకుని "ఆ..." అని ఎంతసేపు వీలైతే అంతసేపు గట్టిగా పలికించడం, ఆ తర్వాత తెలిసిన పద్యమో, భజనో వాకిట్లోవాళ్లకు వినిపించేలా చదివించడం. మనవళ్లను ఎదురుగా కూర్చోబెడితే ఇంకా బాగా చదువుతారు.

*గాలిని ఎదురు బలంతో ఊదడం.* నోట్లో పెట్టుకుని ఊదే చిన్న పరికరంతో చేసేది ఇది, లోపలి స్ప్రింగు ఊపిరికి అడ్డుపడుతుంది. పార్కిన్సన్స్‌లో మింగడానికి గట్టి ఆధారమున్న వ్యాయామం ఇది. 2010లో అమెరికాలో 60 మంది మీద జరిగిన పరీక్షలో సగం మందికి నిజమైన పరికరం, సగం మందికి లోపల స్ప్రింగు పనిచేయని పరికరం ఇచ్చారు. వారానికి ఐదు రోజులు, నాలుగు వారాలు ఊదించారు. నిజమైన పరికరంతో ఊదినవాళ్లలో మింగేటప్పుడు ఆహారం గాలిగొట్టంలోకి జారడం తగ్గింది. రోజుకు ఐదేసి ఊపిర్ల చొప్పున ఐదు విడతలు, మధ్యలో విశ్రాంతి. స్ప్రింగు బిగువు మనిషి గరిష్ఠ బలంలో 75 శాతం దగ్గర పెడతారు, ఆ కొలత థెరపిస్టు తీసుకోవాలి. ముక్కుకు క్లిప్పు పెట్టి, నిండుగా గాలి తీసుకుని, బుగ్గలు ఉబ్బకుండా వేళ్లతో అదిమి, 'ఫట్' మని ఒక్కసారిగా ఊదాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆపరేషన్ తర్వాత ఇచ్చే మూడు బంతుల పరికరాన్ని కొని అదే ఇదనుకునేవాళ్లు చాలామంది. అది గాలి లోపలికి పీల్చడానికి. మనకు కావాల్సింది బయటికి ఊదేటప్పుడు అడ్డుపడే పరికరం. బెలూన్లు ఊదించడం కూడా దీనికి బదులు కాదు, వాటిలో బిగువు కొలిచి పెట్టే వీలుండదు. బీపీ అదుపులో లేనివాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, ఈమధ్యే కంటికో కడుపుకో ఆపరేషన్ అయినవాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్ ఒప్పుకోకుండా మొదలుపెట్టొద్దు. నాలుగైదు వారాలు చేసి ఆపేస్తే వచ్చిన బలం మెల్లగా తగ్గుతుంది. తర్వాత వారానికి ఎన్ని రోజులు చేయాలో థెరపిస్టును అడిగి కొనసాగించండి.

*గడ్డం కింద తువ్వాలు.* తువ్వాలును గట్టిగా చుట్టచుట్టి గడ్డం కింద పెట్టి, గడ్డంతో కిందికి అదమమనండి. పది సెకన్లతో మొదలుపెట్టండి. మంచం మీద వెల్లకిలా పడుకుని తల మాత్రం ఎత్తి కాలివేళ్లు చూసే వ్యాయామం కూడా ఇదే కండరాలకు. కానీ మెడనొప్పి, మెడ ఎముకల అరుగుదల ఉన్న పెద్దవాళ్లకు అది పడదు, తువ్వాలే మేలు.

చివరగా నాలుగైదుసార్లు కావాలని గట్టిగా దగ్గించండి. అవసరం వచ్చినరోజు ఆదుకునేది ఆ దగ్గే.

భోజనం దగ్గర

వ్యాయామంలో నేర్చుకున్నది కంచం దగ్గర వాడకపోతే ఫలితం సగమే. కింద చాప మీద కూర్చుని ముందుకు ఒరిగి తినడం అలవాటైనవాళ్లను కుర్చీకి మార్చండి. టీవీ కట్టేయండి. తింటున్నప్పుడు ప్రశ్నలు అడగకండి. మింగడం మీద మనసు పెట్టాల్సిన మనిషికి మాట్లాడటం రెండో పని అవుతుంది.

మన అలవాట్లలో అన్నిటికంటే ప్రమాదమైంది చెంబు ఎత్తి నోట్లో నీళ్లు పోసుకోవడం. తల వెనక్కి వాలితే గాలిగొట్టం తెరుచుకుని ఉంటుంది, గుటక మొదలయ్యేలోపే నీళ్లు అందులోకి పోతాయి. ఎంగిలి పట్టింపు ఉన్న ఇళ్లలో ఈ ఒక్క విషయంలో పెద్దవాళ్లను ఒప్పించడం కష్టం. ఆయనకంటూ విడిగా ఒక గ్లాసు పెట్టేయండి, గొడవ ఉండదు. గ్లాసు అడుగున ఉన్న నీళ్లు తాగాలంటే తల ఎత్తాల్సిందే. అందుకని వెడల్పు మూతి గ్లాసు తీసుకుని సగానికి వచ్చేసరికి మళ్లీ నింపండి.

ఆదోని నుంచి వచ్చే ఒక కోడలు తన మామకు తినిపించే తీరు నాకు చాలా నచ్చింది. చెంచాలో సగమే తీసుకుంటుంది. నోట్లో పెట్టి, "మామా, మింగండి, గట్టిగా" అంటుంది. గుటక పడ్డాక, "ఇంకోసారి, ఉత్తదే" అంటుంది. ఆయన ఖాళీ నోటితో మరోసారి మింగుతాడు. "ఆ అనండి" అంటుంది. గొంతు గరగరమనకపోతేనే తర్వాతి చెంచా. గరగరమంటే దగ్గించి, మళ్లీ మింగిస్తుంది. అంతకుమించి ఆమె ఒక్క మాట కూడా మాట్లాడదు.

గడ్డం ఛాతీ వైపు దించి మింగడం కొందరికి మేలు చేస్తుంది, అందరికీ కాదు. పరీక్షలో పనిచేసిందని తేలితేనే చేయించండి. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టొద్దు. పళ్లు, నాలుక రోజుకు రెండుసార్లు శుభ్రం చేయండి. ఉమ్మి ఎప్పుడో ఒకప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారుతూనే ఉంటుంది, నోట్లో సూక్ష్మజీవులు తక్కువుంటే నిమోనియా ముప్పూ తక్కువ.

ఏం పెట్టాలి

పలచగా ఉంటే సులువుగా దిగుతుందని చాలామంది నమ్మకం. నిజానికి నీళ్లు, పల్చటి మజ్జిగ, రసం అన్నిటికంటే కష్టం, అవి గొంతుకు సిద్ధమయ్యే వ్యవధి ఇవ్వవు. అంతకంటే కష్టం, నీళ్లూ మెతుకులూ కలిసినవి. పల్చటి మజ్జిగన్నం, రసం అన్నం అందుకే పొలమారతాయి. చిక్కటి పెరుగుతో మెత్తగా పిసికిన అన్నం పెట్టండి. సంగటి పెద్ద ముద్దలుగా వద్దు. ఇంట్లో రాగిసంగటి వండితే, ఆయన భాగంలో బియ్యం మెతుకు కనిపించకుండా మెదిపి, వేడి పప్పు, నెయ్యి కలిపి జారుడుగా చేసి చెంచాతో పెట్టండి. ఉగ్గాణి, బజ్జీలు, చెనిక్కాయలు, పొడికారాలు, పొడిపొడిగా విరిగే జొన్నరొట్టె గొంతులో చెదిరిపోతాయి. రొట్టె మీద ప్రాణం ఉన్నవాళ్లకు పప్పులో పూర్తిగా నానబెట్టి ఇవ్వవచ్చు, థెరపిస్టు సరేనంటేనే.

ద్రవాలు చిక్కబరచమని చెబితే ఎంత చిక్కగా అన్నది రోజూ ఒకేలా ఉండాలి. దానికి సూది లేని 10 మి.లీ. సిరంజి చాలు. సున్నా నుంచి 10 దాకా గీతల పొడవు 61.5 మి.మీ. ఉన్నది తీసుకోండి. అడుగు వేలితో మూసి, 10 మి.లీ. దాకా పోసి, వేలు తీసి పది సెకన్లు ఆగండి. అంతా కారిపోతే పల్చన. 1 నుంచి 4 మి.లీ. మిగిలితే ఒకటో స్థాయి, 4 నుంచి 8 మిగిలితే రెండో స్థాయి, 8 కంటే ఎక్కువ మిగిలి, కాస్తయినా కారితే మూడో స్థాయి. మీకు చెప్పిన స్థాయి వచ్చేదాకా కలపండి. రాగి జావ చల్లారేకొద్దీ గట్టిపడుతుంది కాబట్టి తాగే వేడిలోనే కొలవండి.

చిక్కబరచడమూ అందరికీ మందు కాదు. పార్కిన్సన్సో, మతిమరుపో, రెండూనో ఉండి పల్చటి ద్రవాలు గాలిగొట్టంలోకి పోతున్న 711 మందిని 2008లో వీడియో ఎక్స్‌రేతో చూశారు. తేనె అంత చిక్కగా ఇస్తే గాలిగొట్టంలోకి పోయింది 53 శాతం మందికి, గడ్డం దించి పల్చటిది తాగితే 68 శాతం మందికి. కానీ మూడు నెలలు గమనిస్తే నిమోనియా విషయంలో తేడా స్పష్టంగా తేలలేదు. చిక్కటివి తాగినవాళ్లలో ఒంట్లో నీరు తగ్గడం ఎక్కువ కనిపించింది. మన అనంతపురం, కర్నూలు ఎండల్లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రోజంతా ఎంత తాగారో సీసాతో లెక్కపెట్టండి. మూత్రం రంగు ముదిరితే, మలబద్ధకం పెరిగితే ఇంకా కావాలన్నట్టే.

గొంతుకు అడ్డం పడితే

దగ్గుతుంటే దగ్గనివ్వండి, ముందుకు వంచి పట్టుకోండి, నీళ్లు ఇవ్వకండి. దగ్గు రాకుండా, మాట రాకుండా మొహం నల్లబడుతుంటే ముందుకు వంచి భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు గట్టి దెబ్బలు కొట్టండి. బయటికి రాకపోతే వెనక నుంచి చేతులు చుట్టి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదుసార్లు గుంజండి. ఈ రెండూ మార్చి మార్చి చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో కనీసం ఇద్దరికి ఇది వచ్చి ఉండాలి.

పొలమారిన తర్వాత ఒకటి రెండు రోజుల్లో జ్వరం, తెమడ, ఆయాసం వస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లి, పార్కిన్సన్స్ ఉందని, మింగడంలో ఇబ్బంది ఉందని ముందే చెప్పండి. ఆసుపత్రిలో చేరినా పార్కిన్సన్స్ మాత్రల వేళ తప్పనీయకండి. ఒక పూట తప్పినా మింగడం ఇంకా బిగుసుకుంటుంది.

వ్యాయామాలు మొదలుపెట్టిన నాలుగు నుంచి ఆరు వారాలకు థెరపిస్టుకు మళ్లీ చూపించండి. వెళ్లేటప్పుడు వారం వారం తూచిన బరువు, మాత్రల వేళలు రాసిన కాగితం తీసుకెళ్లండి. దాంతోపాటు ఇంట్లో మామూలుగా భోంచేస్తున్నప్పుడు పక్క నుంచి, గొంతు కనిపించేలా ఐదు నిమిషాలు ఫోన్‌లో తీసిన వీడియో కూడా. ఓపీలో మా ముందు అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని మింగుతారు, ఇంట్లో ఎలా తింటున్నారో ఆ వీడియోలోనే తెలుస్తుంది.